సదర్ సాబ్ మీద షక్

ఈ బక్రీద్ రెండో రోజు రాత్రి దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తలేదు, లెస్టర్ నుంచి మా భాంజా వీడియో కాల్ చేశాడు. అక్కడ ఎమ్మెస్సీ చేస్తున్నాడు. ఈద్ ముబారక్‌లు అయ్యాయి. కుర్బానీ గోష్ ఎవరి హిస్సా ఎవరికి చేరిందో మా ఆపా లెక్క చెప్పడం అయింది. అప్పుడు వాడు నా వైపు తిరిగి "మామూ, ఇక మాలిక్ దిగిపోవాల్సిందే" అన్నాడు.

మాలిక్ అన్న మాట వినపడగానే ఆపాకి గుండె ఝల్లుమంది. "ఏమైంది బేటా? కిరాయి కట్టలేదా? ఇల్లు ఖాళీ చేయమంటున్నాడా?"

ఇంటి మాలిక్ కాదు. లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ మాలిక్. 2025 ఏప్రిల్ 20న లివర్‌పూల్ చేతిలో ఓడి ఆ క్లబ్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. అప్పటికి సొంత మైదానంలో వరుసగా 9 లీగ్ మ్యాచ్‌లు ఓడింది, ఆ 9 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. స్టేడియంలో జనం బోర్డు దిగిపోవాలని అరుస్తున్నారు. మా వాడు కూడా అరిచి గొంతు పోగొట్టుకున్నాడట. ఇండియాలో ఉండగా వీడు ఐపీఎల్ తప్ప ఇంకో ఆట చూసిన పాపాన పోలేదు.

నాకు నవ్వొచ్చింది, తరువాత కొంచెం సిగ్గేసింది. ఆ క్లబ్ మాలిక్‌ల మీద పదిహేనేళ్లలో నేను కూడా మూడుసార్లు రాయ్ మార్చుకున్నాను. పైగా నాది ఇంట్లో కూర్చుని మార్చుకున్న రాయ్ కాదు, అచ్చులో మార్చుకున్నది. అందుకే ఈ నాలుగు మాటలు.

లెస్టర్ పేరు మన ఇళ్లలోకి క్రికెట్ దారిన రాలేదు. అల్జీరియా తండ్రి బిడ్డ రియాద్ మహ్రెజ్, మాలీ కుటుంబం నుంచి వచ్చిన ఎన్‌గోలో కాంటే ఆడిన క్లబ్ అది. 2021 రమ్‌జాన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆట మధ్యలో వెస్లీ ఫొఫానా రోజా విప్పడానికి రెండు క్షణాలు ఆట ఆపిన వీడియో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊళ్లో ముసల్మాన్‌లు 23.5 శాతం. మన తెలుగు పిల్లలు అక్కడి యూనివర్సిటీలకి చదువులకి పోతూనే ఉన్నారు. కాబట్టి ఆ క్లబ్ గొడవ మనకి మరీ పరాయిది కాదు.

2010 ఆగస్టులో నేను రాత్రి డెస్క్‌లో ఉన్నాను. థాయ్‌లాండ్ కంపెనీ ఒకటి లెస్టర్ సిటీని కొంటోందని ఏజెన్సీ వార్త వచ్చింది. కంపెనీ పేరు కింగ్ పవర్. బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ దుకాణాలు వాళ్లవి. మాలిక్ పేరు విచాయ్. అప్పటికి ఇంటి పేరు రక్సియాక్సోన్. శ్రీవద్ధనప్రభ అన్న పేరు తరువాత థాయ్ రాజు ఇచ్చిన ఖితాబు లాంటిది. నేను ఏం చేశాను? "అత్తరు అమ్మేవాడికి ఆట ఎందుకు?" అని హెడ్డింగ్ పెట్టి సింగిల్ కాలమ్‌లో పడేశాను. చాలా తెలివిగా రాశాననుకుని ఛాయ్ తాగడానికి బయటికి పోయాను.

లెస్టర్ అభిమానులది నాలాంటి చౌకబారు షక్ కాదు. వాళ్లకి తజ్రుబా ఉంది. కొత్త స్టేడియం కట్టుకుని అప్పుల్లో మునిగి 2002లో క్లబ్ దివాలా చట్టం కిందికి పోయింది. ఆ ఊరి బిడ్డ గ్యారీ లినేకర్ పదిమందిని కూడగట్టి చందా వేసి నిలబెట్టాడు. తరువాత మిలాన్ మాండరిచ్ అనే ఆయన కొన్నాడు, కోచ్‌లని చొక్కాలు మార్చినట్టు మార్చాడు. 2008లో క్లబ్ తన 124 ఏళ్ల చరిత్రలో మొదటిసారి మూడో అంతస్తుకి జారింది. ఒక ఏడాదిలో తిరిగి పైకొచ్చింది గానీ ఆ దెబ్బ మనసులో ఉండిపోయింది.

థాయ్ మాలిక్ అన్న మాట ఇంగ్లాండ్‌లో అప్పటికే ఒకసారి వినపడి ఉంది. థాయ్ మాజీ ప్రధాని థాక్సిన్ షినవత్ర 2007లో మాంచెస్టర్ సిటీని కొని, ఏడాది తిరగగానే అబూధాబీ వాళ్లకి అమ్మేసుకుని పోయాడు. 2010లోనే పోర్ట్స్‌మత్ క్లబ్ ఒకే సీజన్‌లో నలుగురు మాలిక్‌ల చేతులు మారి దివాలా తీసింది. ఇవన్నీ కళ్ల ముందు ఉన్నవాడు కొత్త సదర్‌ని చూసి షక్ పడకపోతే వాడిని అమాయకుడనాలి. కాబట్టి ఆ మొదటి షక్‌ని నేను బద్‌గుమానీ అనను. దొంగలు పడిన ఇంటివాడు గొళ్లెం రెండుసార్లు చూసుకోవడం లాంటిది అది.

అదే ఏడాది, మూడు నెలల తేడాలో, ఇంకో ఆసియా మాలిక్ ఇంగ్లాండ్‌కి వచ్చాడు. ఆ కథ మనకి ఇంకా దగ్గరిది. 2010 నవంబర్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని కొన్నది వెంకీస్. అవును, కోళ్ల వెంకీస్. హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టి, తరువాత పుణెకి మార్చిన బి.వి.రావు గారి పిల్లల కంపెనీ. మన పేపర్లో రోజూ గుడ్ల రేటు పక్కన కనపడే నెక్ సంస్థని మొదలుపెట్టింది కూడా ఆ రావు గారే. తెలుగువాళ్ల క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో ఉందని మా డెస్క్‌లో ఆ రోజు ఖుషీ అంతా ఇంతా కాదు. ఈసారి నేను మూడు కాలమ్‌ల హెడ్డింగ్ పెట్టాను. చూడండి, దుకాణదారుడు థాయ్ అయితే ఎగతాళి, తెలుగువాడైతే గర్వం. ఇదీ నా ఇన్సాఫ్.

ఏం జరిగింది? వచ్చిన నెలకే సామ్ అలర్డైస్‌ని తీసేశారు. 2012 మే నెలలో వీగన్ చేతిలో ఓడి బ్లాక్‌బర్న్ కిందికి జారిన రాత్రి, క్లబ్ జెండా కప్పిన కోడిని ఎవరో మైదానంలోకి వదిలారు. ఆ కోడి ఫోటో ప్రపంచమంతా తిరిగింది. వెంకీస్ వాళ్లు డబ్బు పెట్టలేదా అంటే, పెట్టారు. ఏటా నుక్సాన్ భరించారు, ఇప్పటికీ క్లబ్ వాళ్ల దగ్గరే ఉంది. మరి అక్కడి అభిమానుల గుండె ఎందుకు కరగలేదు?

నా లెక్క ప్రకారం తేడా డబ్బులో లేదు, హాజరీలో ఉంది. పుణె మాలిక్‌లు ఈవుడ్ పార్క్‌లో కనపడటమే అరుదైపోయింది. విచాయ్ మాత్రం లెస్టర్ మ్యాచ్ ఉందంటే వచ్చేవాడు. ఆట అయ్యాక మైదానం మధ్య నుంచి హెలికాప్టర్ ఎక్కి పోయేవాడు. మొదట్లో జనం దాన్ని నవాబు షోకు అన్నారు. కొన్నేళ్లకి, హెలికాప్టర్ లేచేదాకా ఇంటికి పోకుండా నిలబడి చేతులు ఊపే పిల్లలు తయారయ్యారు.

కానీ హెలికాప్టర్‌కి ముందు చెప్పాల్సినవి ఉన్నాయి, ఎందుకంటే రాయ్ మారింది 2016లో కప్పు వచ్చినప్పుడు కాదు. కప్పు చూసి మారడం పెద్ద విషయమా? దావత్‌కి అందరూ వస్తారు. అసలు మార్పు అంతకు ముందే, ఎవరూ ఫోటోలు తీయని చోట మొదలైంది.

మొదటి ఏళ్లలో విచాయ్ చేసినవి చూస్తే షక్ పెరగాలి గానీ తగ్గకూడదు. వచ్చిన కొన్ని వారాలకే కోచ్ పాలో సౌజా పోయాడు. స్వెన్ గొరాన్ ఎరిక్సన్ వచ్చాడు, ఏడాదికి అతనూ పోయాడు. 2011లో స్టేడియానికి తన కంపెనీ పేరే పెట్టుకున్నాడు. సరే, ఇతనూ మాండరిచ్ లాంటివాడే అనుకున్నారు జనం. అయితే నైజల్ పియర్సన్‌ని తిరిగి తెచ్చి, అతని మీద నిలబడ్డాడు. 2013 మేలో వాట్‌ఫర్డ్‌లో ప్లేఆఫ్ ఆఖరి నిమిషంలో లెస్టర్‌కి పెనాల్టీ దొరికింది. నొకేర్ కొట్టాడు, గోలీ ఆపాడు, బంతి అటు పోయి క్షణాల్లో వాట్‌ఫర్డ్ గోల్ అయింది. అంత ఘోరంగా ఓడిన కోచ్‌ని ఏ మాలిక్ అయినా తెల్లారేసరికి పంపించేస్తాడు. ఇతను పంపలేదు. మరుసటి ఏడాది అదే కోచ్ 102 పాయింట్లతో క్లబ్‌ని ప్రీమియర్ లీగ్‌కి తీసుకుపోయాడు.

ఆ 2013లోనే రెండు పనులు జరిగాయి. ఒకటి, అప్పుల కాలంలో అమెరికా పెన్షన్ సంస్థ చేతికి పోయిన స్టేడియాన్ని మాలిక్ కంపెనీ కొని వెనక్కి తెచ్చింది. రెండోది ఇంకా పెద్దది. క్లబ్‌కి తాను ఇచ్చిన ఖర్జా 10 కోట్ల 30 లక్షల పౌండ్లని వాటా కింద మార్చేసుకున్నాడు. అంటే, రేపు నాకు కోపం వచ్చి పోతే ఈ డబ్బు తిరిగి కట్టండి అని అడిగే హక్కు వదులుకున్నాడు. మన దగ్గర బడికో మద్రసాకో చందా ఇచ్చి, తరువాత కమిటీ మీటింగ్‌లో ప్రతిసారీ దాన్ని గుర్తు చేసే పెద్దమనుషులు మీకు తెలుసు కదా. ఆ రసీదు చింపేయడం ఎంత కష్టమో ఆలోచించండి. ఈ వార్తకి నేను హెడ్డింగ్ పెట్టలేదు. అసలు మా పేపర్లో ఈ వార్త రాలేదు.

2014లో ఆయన అన్నాడు: 18 కోట్ల పౌండ్లు పెడతాను, మూడేళ్లలో మొదటి ఐదు స్థానాల్లోకి వస్తాం. అందరూ నవ్వారు. నేను కూడా. ఆ తరువాతి సీజన్‌లో 140 రోజులు అట్టడుగున పడి ఉన్నారు, చివరి 9 మ్యాచ్‌ల్లో 7 గెలిచి ఎలాగో బతికారు.

అప్పుడు అభిమానుల గుండె మళ్లీ విరిగింది. 2015 జూన్ ఆఖరున పియర్సన్‌ని తీసేశారు. అంతకు ముందు థాయ్‌లాండ్ పర్యటనలో ముగ్గురు కుర్ర ఆటగాళ్లు అక్కడి అమ్మాయిలని జాతి పేరుతో కించపరుస్తూ తీసిన వీడియో బయటపడింది. ముగ్గురినీ క్లబ్ తీసేసింది, వాళ్లలో ఒకడు కోచ్ కొడుకే. జనం అడిగింది, మనల్ని బతికించినవాడినే పంపిస్తారా అని. మాలిక్ వైపు నుంచి చూస్తే, తన సొంత గడ్డ మీద, తన ఆడబిడ్డల ఇజ్జత్ మీద పడిన మచ్చ. క్లబ్ ఆ రోజు చెప్పింది రెండు పక్షాల మధ్య అభిప్రాయభేదాలు అని మాత్రమే. నాకైతే ఆ రోజూ ఈ రోజూ ఆ ముగ్గురిని తీసేయడం సబబే అనిపిస్తుంది. పియర్సన్ విషయంలో మాత్రం ఇప్పటికీ ఫైసలా చెప్పలేను.

అతని చోట క్లాడియో రానియేరి వచ్చినప్పుడు లినేకర్ అంతటివాడే నోరు వెళ్లబెట్టాడు. తరువాతి కథ మీకు తెలుసు. 5000కి 1 అన్న బెట్టింగ్ లెక్కని బోల్తా కొట్టించి, 81 పాయింట్లతో, 2016 మే 2న లెస్టర్ ఛాంపియన్ అయింది. పుట్టినరోజుకి ప్రేక్షకులకి బీరు, డోనట్ ముఫ్త్‌గా పంచే సదర్ అప్పటికే ఊరికి అలవాటైపోయాడు. బీరు సంగతి మనం వదిలేద్దాం, డోనట్ దాకా ఒప్పుకుందాం. ఊళ్లోని పిల్లల ఆస్పత్రికి 20 లక్షల పౌండ్లు ఇచ్చాడు. తన అరవయ్యో పుట్టినరోజుకి 60 మందికి సీజన్ టికెట్లు పంచాడు.

మా ఫోర్‌మన్ చాచా ఆ రోజుల్లో ఒక మాట అడిగాడు, "ఇన్ని తోఫాలు ఇచ్చేవాడిని హిసాబ్ అడగబుద్ధి అవుతుందా భాయ్?" ఆ సవాల్ ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఎందుకంటే హిసాబ్ అడగాల్సినవి ఉన్నాయి. 2014లో పైకొచ్చిన ఆ సీజన్ ఖర్చులు లీగ్ నియమాల హద్దు దాటాయన్న గొడవలో, 2018 ఫిబ్రవరిలో క్లబ్ 31 లక్షల పౌండ్లు కట్టి రాజీ చేసుకుంది. ఈ వరాలన్నీ పారే నది ఎక్కడ పుట్టింది? బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ హక్కు ఏళ్ల తరబడి ఒకే కంపెనీకి ఎందుకు అని థాయ్‌లాండ్‌లో అడిగేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. లెస్టర్ గ్యాలరీల్లో ఆ సవాల్ పెద్దగా వినపడలేదు. 2016లో నేను రాసిన అర పేజీ వ్యాసంలో కూడా లేదు. ఈసారి నేను ఆయన్ని ఔలియాలా రాశాను. ఎగతాళి ఎంత తేలికగా రాశానో, తారీఫ్ కూడా అంతే తేలికగా.

2017 ఫిబ్రవరిలో, కప్పు తెచ్చిన తొమ్మిది నెలలకే, రానియేరిని తీసేసినప్పుడు ఊరు రెండుగా చీలింది. బేవఫాయీ అన్నారు కొందరు. తప్పదు, జట్టు మునుగుతోంది అన్నారు కొందరు. జట్టు మునగలేదు, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ దాకా పోయింది కూడా. ప్రేమించే మాలిక్ మీద కోపం తెచ్చుకోవచ్చని ఆ నెలలో లెస్టర్ జనం చూపించారు. నాకు వాళ్లలో అన్నిటికంటే నచ్చిన రోజులవే.

2018 అక్టోబర్ 27. వెస్ట్‌హామ్‌తో 1-1. ఆట అయ్యాక ఎప్పటిలాగే మైదానం నుంచి హెలికాప్టర్ లేచింది, స్టేడియం పక్కనే కూలిపోయింది. విచాయ్‌తో పాటు నలుగురు పోయారు: ఇద్దరు సిబ్బంది, ఇద్దరు పైలట్లు. తోక రోటర్‌లో బేరింగ్ చెడిందని తరువాత దర్యాప్తులో తేలింది. స్టేడియం గోడ పొడవునా పూలు, స్కార్ఫ్‌లు. బ్యాంకాక్ బౌద్ధ భిక్షువులు వచ్చి దీవించిన క్లబ్ కోసం ఆ వారం అన్ని మజహబ్‌లవాళ్లూ నిలబడ్డారు. నవంబర్ 10న వేలమంది ఊరి మధ్య నుంచి స్టేడియం దాకా నడిచారు. ఎనిమిదేళ్ల కింద షక్ పడినవాళ్లే.

ఆ నడక ఫోటో చూసినప్పుడు నాకు జనాజాలు గుర్తొచ్చాయి. మన మొహల్లాలో మనిషి అసలు కమాయీ ఎంతో జనాజా నాడు తెలుస్తుందంటారు పెద్దవాళ్లు. అది నిజమే. ఆ రోజు మరహూమ్‌కి దొరికిన మోహబ్బత్ వారసులకి ఆస్తిలా బదిలీ అవుతుందా? లెస్టర్‌లో బదిలీ అయిందని నా అభిప్రాయం. పేచీ అక్కడే మొదలైంది.

అయ్యావత్‌కి అప్పుడు 33 ఏళ్లు. మొదట్లో అంతా బాగుంది. రెండేళ్లు వరుసగా ఐదో స్థానం. 2020 డిసెంబర్‌లో సీగ్రేవ్‌లో కొత్త ట్రైనింగ్ గ్రౌండ్. 2021 మే 15న వెంబ్లీలో టీలెమన్స్ గోల్‌తో చెల్సీని ఓడించి ఎఫ్‌ఏ కప్. గోలీ ష్మైకెల్ ఆ కుర్ర మాలిక్‌ని చెయ్యి పట్టి మైదానంలోకి లాక్కొచ్చాడు, జెర్సీల్లో కుట్టిన తండ్రి బొమ్మతో జట్టు కప్పు ఎత్తింది. అది చూసి కళ్లు తడవని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు. నేనూ తడుపుకున్నాను.

ఆ తడికళ్లతో ఎవరూ బహీ ఖాతా చూడలేదు. కోవిడ్‌లో ఎయిర్‌పోర్టులు మూతపడ్డాయి, కింగ్ పవర్ ఆమ్దనీ ఎండిపోయింది. అప్పటికి క్లబ్ జీతాలు ఆదాయాన్నే దాటిపోయే దాకా వచ్చాయి. 2022 వేసవిలో ఫొఫానాని చెల్సీకి అమ్మేదాకా కొత్తవాళ్లని కొనలేకపోయారు. ఫైనల్‌లో గోల్ కొట్టిన టీలెమన్స్ కాంట్రాక్ట్ అయిపోయి 2023లో ముఫ్త్‌గా పోయాడు. ఆ మేలోనే క్లబ్ కిందికి జారింది. 2024లో పైకొచ్చింది, 2025లో మళ్లీ జారింది. కొడుకు కూడా తండ్రిలాగే 19 కోట్ల 40 లక్షల పౌండ్ల ఖర్జాని వాటా కింద మార్చేశాడని ఇక్కడ చెప్పకపోతే నాఇన్సాఫీ అవుతుంది. డబ్బు విషయంలో అతని నియ్యత్‌ని నేను శంకించను. అభిమానుల షికాయత్ వేరు: తప్పులు చేసినవాళ్లు కుర్చీల్లో అలాగే ఉన్నారు, సదర్ ముందుకొచ్చి జవాబు చెప్పడు.

అంటే మళ్లీ హాజరీ. పదిహేనేళ్ల కింద వాళ్లు తండ్రిని షక్‌తో చూశారు, అందుకే అతని ప్రతి పనినీ గమనించారు, గమనించారు కాబట్టే రాయ్ మార్చుకోగలిగారు. కొడుకుని యకీన్‌తో చూశారు, చూడటం మానేశారు. 2021లో, కప్పు చేతిలో ఉండగా, జీతాల లెక్క ఏంటి అని ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే వాడిని నమక్ హరామ్ అనేవాళ్లు. 2025లో అందరూ కలిసి గొంతు చించుకుంటున్నారు. ఇప్పుడు అరవడం తప్పు కాదు. నాలుగేళ్లు ఆలస్యమైంది, అంతే.

ఇదంతా ఆ రాత్రి మా వాడికి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "మామూ, మీరు హిస్టరీ చెప్తున్నారు. నేను చలిలో నిలబడి తొమ్మిది మ్యాచ్‌లు చూశాను. బేచ్ దేనా, బస్" అన్నాడు.

"ఎవరికి అమ్మాలి?"

వాడు మాట్లాడలేదు. అమ్మితే ఎవరు కొంటారో లెస్టర్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు. పోర్ట్స్‌మత్ నాలుగు చేతులు మారినప్పుడు ప్రతిసారీ కొత్త మాలిక్ పాతవాడి కంటే మెరుగని అనుకున్నారు. దిగిపో అనడానికి ఒక గొంతు చాలు, రేపు వచ్చేవాడి జేబులు తడమడానికి వేల కళ్లు కావాలి. నేను అయితే దిగిపో అనను. కుర్చీలో కూర్చో, మా ఎదురుగా కూర్చో, నీ మనుషుల హిసాబ్ చెప్పు అంటాను. మా వాడికి ఇది ముసలి మాటలా వినపడింది.

2022లో, విచాయ్ పుట్టినరోజు నాడు, స్టేడియం బయట ఆయన విగ్రహం పెట్టారు. లివర్‌పూల్ మ్యాచ్ రోజు దాని ముందు నుంచే పోయావు కదా, ఏం చేశావని అడిగాను.

"సలాం కొట్టి లోపలికి పోయాను మామూ," అన్నాడు. "లోపలికి పోయి వాళ్ల అబ్బాయిని తిట్టాను."

ఆపా వెనక నుంచి, "ఎవర్ని తిట్టావ్ రా? ఇంటి మాలిక్ కొడుకునా?" అంది.